గ్రిల్ మీద చికెన్‌కి, చేపకి నూనె, మసాలా రాయడానికి ఏ బ్రష్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బొబ్బిలిలో మేడ మీద పెట్టుకోవడానికి చిన్న బొగ్గుల గ్రిల్ కొన్నారు. ఆదివారాలు ఇంటిల్లిపాదికీ చికెన్ టిక్కా, పన్నీరు, అప్పుడప్పుడు చేప కాల్చాలని ఆలోచన. బ్రష్ దగ్గర ఆగిపోయారు. ఆన్‌లైన్‌లో సిలికాన్‌వి, వెంట్రుకలవి, నూలు కుచ్చువి కనిపిస్తున్నాయి. హార్డ్‌వేర్ షాపాయన మాత్రం "హోటళ్లోళ్లందరూ ఇదే పట్టుకెళ్తారు" అని రెండంగుళాల పెయింట్ బ్రష్ చేతిలో పెట్టాడు. ఏది కొనాలి, పెయింట్ బ్రష్ వాడితే నష్టమేంటి, రేపు చిన్న స్టాల్ పెడితే కూడా అదే సరిపోతుందా అని అడిగారు.

నేను విజయనగరంలో తందూరీ, గ్రిల్ పనిలో ఉన్నాను. పెళ్లిళ్లకి, ఫంక్షన్లకి లైవ్ కౌంటర్లు కూడా పెడతాం. రోజూ చేతిలో ఉండే వస్తువు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: సిలికాన్ బ్రష్ కొనండి. పిడి, కుచ్చు ఒకే ముక్కగా అచ్చు పోసినది చూసుకోండి. పిడి దాదాపు అడుగు పొడవుండాలి, పోగులు సన్నగా, ఒత్తుగా ఉండాలి. ఒకటి కాదు, వేరువేరు రంగుల్లో రెండు తీసుకోండి. పెయింట్ బ్రష్ వద్దే వద్దు. కరిగించిన నెయ్యి, నిమ్మరసం కలిపిన నూనె లాంటి పల్చటివాటికి మాత్రం సిలికాన్ కంటే నూలు గుడ్డ మేలు. దాని సంగతి కింద చెబుతాను.

ముందు పెయింట్ బ్రష్ సంగతి తేల్చేద్దాం. షాపాయన అబద్ధం చెప్పలేదు, చాలాచోట్ల వాడేది అదే. మా దగ్గర కొత్తగా పనిలో చేరిన ప్రతి గుంటడూ ముందు అదే పట్టుకొస్తాడు. ఎందుకురా అంటే "ఏటవుద్దండీ, కొత్తదే కదా, కడిగేసే వాడతన్నాం" అంటాడు. వాళ్లకి నేను మాటలతో చెప్పను. ఒక పాత బ్రష్ తీసుకుని, కుచ్చుని పట్టి ఉంచే రేకు పట్టీని పటకారుతో విప్పి చూపిస్తాను. లోపల వెంట్రుకల మధ్యలో చిన్న చెక్క ముక్కో, అట్ట ముక్కో ఉంటుంది. దాని వల్ల కుచ్చు నడుమ ఖాళీ ఏర్పడుతుంది. పెయింట్ ఎక్కువసేపు నిలవడానికి కావాలనే అలా చేస్తారు. రంగు వేసేవాళ్లకి అది సుఖం. మనం అదే బ్రష్‌ని పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, పచ్చి చికెన్ నీరు కలిసిన గిన్నెలో ముంచితే అదంతా ఆ ఖాళీలోకి వెళ్లి కూర్చుంటుంది. పైన ఎంత సబ్బు పెట్టినా లోపలికి చేరదు. రాత్రంతా అలా ఉండి, మర్నాడు మొదటి ముక్కకి రాసేటప్పుడు మెల్లగా బయటికి వస్తుంది. పట్టీ విప్పినప్పుడు వచ్చే వాసన ఒక్కసారి చూస్తే చాలు, ఆ గుంటడు మళ్లీ పెయింట్ బ్రష్ ముట్టుకోడు.

ఇంకా ఉంది. వెంట్రుకల్ని పట్టి ఉంచే జిగురు తిండికి తగలడానికి తయారు చేసింది కాదు. రేకు పట్టీ ఉప్పు, పులుపు తగిలి తుప్పు పడుతుంది. కుచ్చులో కొంత జంతువు వెంట్రుక, కొంత నైలాన్ కలిపి ఉండొచ్చు. నైలాన్‌లో రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకంటే చాలా ముందే మెత్తబడుతుంది. ఎర్రగా రాజుకున్న బొగ్గు వేడి 600 డిగ్రీలు దాటుతుంది. చువ్వ కిందివైపు రాయడానికి బ్రష్‌ని వంచి నిప్పుకి దగ్గరగా తీసుకెళ్తాం కదా, అక్కడే పోగుల కొసలు ముడుచుకుపోయి గుండుసూది తలల్లా ఉండలు కడతాయి. ఆ ఉండలు ఊడితే పడేది ముక్క మీదే.

వెంట్రుకలు రాలడం అన్నిటికంటే పెద్ద తలనొప్పి. మంచి పెయింటర్‌ని గమనించండి, కొత్త బ్రష్ కొనగానే అరచేతి మీద టపటపా కొట్టి, వేళ్లతో దువ్వి వదులు వెంట్రుకలు తీసేస్తాడు. అవి రాలతాయని అతనికి తెలుసు. చీపురుపల్లి వైపు ఒక పెళ్లిలో మా పక్క కౌంటర్ వేరేవాళ్లది, అక్కడ పన్నీరు టిక్కాలో వెంట్రుక వచ్చింది. పెళ్లివారి పెద్దాయన గట్టిగా అరిచారు. అందరూ కలిసి వడ్డించే కుర్రాణ్ణి టోపీ పెట్టుకోలేదని తిట్టారు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను వెళ్లి ఆ వెంట్రుక చేతిలోకి తీసుకుని చూశాను. బిరుసుగా, ఒక చివర మందంగా ఉంది, రెండో చివర కొస రెండు మూడు పాయలుగా చీలి ఉంది. మనిషి తలవెంట్రుక అలా ఉండదు. అది పంది వెంట్రుక, వాళ్లు నూనె రాస్తున్న బ్రష్‌లోది. ఆ మాట గట్టిగా అంటే అది శాకాహారం కౌంటర్ కాబట్టి గొడవ ఇంకా పెద్దదవుతుంది. వంటమేస్త్రిని పక్కకి పిలిచి చెప్పాను, బ్రష్ మార్పించాను. కుర్రాడు మాత్రం ఆ రోజంతా తల ఎత్తలేదు. పెయింట్ బ్రష్ మీద నాకింత కోపం ఉండడానికి అదీ ఒక కారణం.

ఇక్కడే వెంట్రుకల బ్రష్‌ల గురించి కూడా చెప్పేస్తాను, మీరు ఆన్‌లైన్‌లో చూశానన్నారు కాబట్టి. వంటకోసమే చేసినవి కూడా ఉంటాయి, అవి పెయింట్ బ్రష్‌లు కావు. చెక్క పిడితో చూడ్డానికి బాగుంటాయి. పల్చటి నూనెని సిలికాన్ కంటే బాగా పట్టుకుంటాయి, సాపుగా పూస్తాయి. కేకులు, బ్రెడ్ చేసేవాళ్లు అందుకే వాటిని వదలరు. కానీ వాటి మీద బోర్, హాగ్, చైనా బ్రిజిల్ అని రాసుంటే అది పంది వెంట్రుకే. ఉత్త నేచురల్ బ్రిజిల్ అని ఉన్నా ఎక్కువగా అదే అయ్యుంటుంది. మీ ఇంట్లో శాకాహారులున్నా, మీ స్నేహితుల్లో ముస్లింలున్నా వాళ్లకి తెలియకుండా అలాంటి బ్రష్‌తో రాసి పెట్టడం తప్పు. తినేది వాళ్లు, తెలుసుకునే హక్కు వాళ్లది. దానికి తోడు మన మసాలా పెరుగు వేసి చిక్కగా, జిడ్డుగా ఉంటుంది. ఆ వెంట్రుకల మొదళ్లలోంచి అది వదలదు. మన ఉక్కపోత వాతావరణంలో కుచ్చు పూర్తిగా ఆరదు కూడా. అందుకే గ్రిల్ పనికి నేను వెంట్రుకల బ్రష్ వాడను.

ఇక సిలికాన్. దీనిలోనూ మంచీ చెడూ ఉన్నాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చేతిలోకి తీసుకుని చూడాలి.

మొదట తల, పిడి కలిసేచోటు చూడండి. తల ఊడదీసి మళ్లీ పెట్టే రకమైతే ఆ సందులో మసాలా చేరుతుంది. ఊడదీసి కడగొచ్చు కదా అంటారు. రోజూ ఎవరు ఊడదీస్తారు? పైగా వాడగా వాడగా వదులై, జిగురుగా ఉన్న మసాలాలో ముంచినప్పుడు తల గిన్నెలోనే ఉండిపోతుంది. ఒకే ముక్కగా ఉన్నదానికి ఆ బాధ లేదు. లోపల స్టీలు కడ్డీ ఉండి, దాని మీదంతా సిలికాన్ పోసినవి దొరుకుతాయి, అవి గట్టివి. పిడి వరకు మామూలు ప్లాస్టిక్ ఉండి తల మాత్రమే సిలికాన్ అయితే, గ్రిల్ అంచు మీద మర్చిపోయి పెట్టిన రోజే పిడి కరిగిపోతుంది.

తర్వాత పోగులు. లావుగా, దూరదూరంగా ఉన్నవి బ్రష్ పని చేయవు, మసాలాని నెట్టుకుంటూ పోతాయంతే. పోగులు సన్నగా ఉండాలి, వరసలు ఎక్కువుండాలి. కొన్నింటికి కుచ్చు మధ్యలో చిల్లులున్న పలకలు రెండో మూడో ఉంటాయి. అవి అందానికి పెట్టినవి కావు. ఆ చిల్లుల్లో కాస్త నూనె నిలుస్తుంది. అలాంటిది దొరికితే వదలకండి. పోగుల కొసలు అరచేతి మీద రాసి చూడండి, మెత్తగా వంగి మళ్లీ నిలబడాలి. బిరుసుగా గుచ్చుకుంటే ముక్క మీద అతుక్కున్న మసాలాని గీకేస్తుంది.

వాసన కూడా చూడాలి. మంచి సిలికాన్‌కి దాదాపు వాసన ఉండదు. ప్యాకెట్ విప్పగానే రబ్బరు చెప్పుల వాసన కొడితే తిరిగి ఇచ్చేయండి. రెండు వేళ్ల మధ్య ఒక పోగుని గట్టిగా మెలిపెట్టి కూడా చూస్తాం. మడత దగ్గర తెల్లబడితే అందులో చవక పొడి ఏదో కలిపారని మా లెక్క, పక్కన పెట్టేస్తాం. ప్యాకెట్ మీద ఎంత వేడి తట్టుకుంటుందో రాసుండాలి. సాధారణంగా 230 డిగ్రీల దాకా అని ఉంటుంది. అది ముక్కకి రాయడానికి సరిపోతుంది కానీ కాలుతున్న ఊచల మీద బ్రష్ పెట్టి వదిలేయడానికి కాదు. ఊచలు అంతకంటే ఎక్కువే వేడెక్కుతాయి. పక్కన ఒక స్టీలు పళ్లెం పెట్టుకుని బ్రష్ అందులో ఉంచడం అలవాటు చేసుకోండి.

పిడి పొడవు అడుగు ఎందుకంటే కొవ్వు బొట్టు పడి మంట లేచినప్పుడు చెయ్యి దూరంగా ఉండాలి. మరీ పొడవైనవి, అడుగున్నర పైన ఉన్నవి, చిన్న గ్రిల్‌కి అనవసరం. మణికట్టు నొప్పి పెడుతుంది, రాత కుదరదు. తల వెడల్పు అంగుళంన్నర చాలు.

రెండు బ్రష్‌లు ఎందుకన్నానో చెబుతాను, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్ లాంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు. ముక్క లోపల 74 డిగ్రీలు వచ్చేసరికి అవి చస్తాయి. కానీ పచ్చి ముక్కకి రాసిన బ్రష్‌నే దించే ముందు మళ్లీ రాస్తే, చంపినవాటి స్థానంలో కొత్తవి పూసినట్టే. అందుకే మా దగ్గర ఎర్ర పిడి పచ్చి మాంసానికి, నల్ల పిడి కాలినదానికి. పనివాళ్లు మారినా ఈ పద్ధతి మారదు. బ్రష్ ఒక్కటే కాదు, గిన్నె కూడా. చికెన్ నానబెట్టిన గిన్నెలో అడుగున మిగిలిన మసాలా బాగుంటుంది కదా అని చాలామంది చివర్లో అదే రాస్తారు. వద్దు. మసాలా కలిపేటప్పుడే, చికెన్ వేయకముందే, ఒక చిన్న గిన్నెలోకి కొంత తీసి పక్కన పెట్టుకోండి. మిగిలినదే వాడాలనిపిస్తే బాగా తెర్లించి వాడాలి. శాకాహారులు కూడా తింటారంటే పన్నీరుకి మూడో బ్రష్ ఉంచండి. పెద్ద ఖర్చేమీ కాదు.

బ్రష్ ఎంత మంచిదైనా రాసే సమయం తప్పితే ఉపయోగం లేదు. నిప్పు మీద పెట్టగానే రాయడం మొదలుపెడతారు చాలామంది. పెరుగు మసాలా ముక్కకి పట్టి, పైన పొరలా బిగుసుకోవాలి. అంతకుముందే బ్రష్ తగిలితే మసాలా ఊడి బ్రష్‌కి అంటుకుంటుంది, ముక్క బోసిగా మిగులుతుంది. ఒక వైపు కాలి తిప్పాక, పైకి వచ్చిన వైపు ఆరినట్టు కనిపించినప్పుడు నూనె రాయండి. తేనె, టమాటా సాస్, అనకాపల్లి బెల్లం పాకం లాంటి తీపివి అయితే దించడానికి మూడు నాలుగు నిమిషాల ముందే. పంచదార 160 డిగ్రీలు దాటాక రంగు తిరిగి, ఆ తర్వాత మాడి చేదెక్కుతుంది. తేనె ఇంకా ముందే మాడుతుంది. ముందుగా రాస్తే పైన నల్లగా, లోపల పచ్చిగా మిగులుతుంది.

ఇప్పుడు నూలు గుడ్డ సంగతి. సిలికాన్ చిక్కటివాటికి బాగుంటుంది కానీ పల్చటి నూనెని పట్టి ఉంచలేదు. గిన్నెలోంచి తీసి ముక్క దాకా తెచ్చేలోపే సగం కారిపోతుంది. కారింది బొగ్గుల మీద పడి మంట లేస్తుంది, మసి వచ్చి ముక్కకి పడుతుంది. పన్నీరు మీద అయితే ఆ మసి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకని కరిగించిన నెయ్యికి, నిమ్మరసం కలిపిన నూనెకి పాత పద్ధతే మంచిది. స్టీలు గరిటె కాడ చివర శుభ్రంగా ఉతికిన నూలు గుడ్డ చుట్టి, నూలు దారంతోనే కట్టండి. పొందూరు ఖద్దరు అక్కర్లేదు, పాత పంచె ముక్క చాలు. పాలిస్టర్ కలిసింది మాత్రం వద్దు, అది వేడికి కరుగుతుంది. నెయ్యిలో ముంచి, గిన్నె అంచుకి ఒత్తి, ముక్క మీద అద్దాలి. ఆ రోజు పని అయ్యాక గుడ్డ పారేయాలి, ఉతికి దాచకూడదు. అమెరికాలో వెనిగర్ కలిపిన పల్చటి సాస్‌ని మాంసానికి పట్టించడానికి వాడే నూలు కుచ్చు కూడా ఇలాంటిదే. పెద్ద పెద్ద మాంసాలు గంటల తరబడి కాల్చేవాళ్లకి అది పనికొస్తుంది. మీ చిన్న గ్రిల్‌కి దాన్ని ప్రత్యేకంగా కొనొద్దు.

మీ పెరట్లో నిమ్మగడ్డి ఉంటే ఇంకా మంచిది. లావుగా ఉన్న కాడ ఒకటి కోసి, మొదలు వైపు రెండంగుళాలు రోకలితో చితక్కొట్టండి. వెనకటికి సున్నం వేయడానికి మొగలి ఊడల్ని చితక్కొట్టి కుంచెలు చేసినట్టే, పీచు విడివడి కుచ్చు తయారవుతుంది. నూనెలో ముంచి చేపకి రాస్తే సన్నటి వాసన పడుతుంది. కొబ్బరి పీచుతో కట్టిన కుచ్చు మాత్రం వద్దు, నుసి రాలుతుంది.

చేప గురించి ప్రత్యేకంగా ఒక మాట. కళింగపట్నం నుంచో, పూసపాటిరేగ దగ్గర చింతపల్లి నుంచో తాజా చందువ దొరికిందనుకోండి, దాన్ని బ్రష్‌తో గీయకూడదు, అద్దాలి. చందువ తోలు పల్చన, వేడి తగిలాక ఇంకా సున్నితం. అటూ ఇటూ లాగితే తోలు లేచి వస్తుంది, కింద తెల్లటి కండ విడిపోతుంది. చేపని నిప్పు మీద పెట్టకముందే రెండు వైపులా నూనె పట్టించి, తిప్పాక ఒకసారి, దించాక ఒకసారి అద్దితే సరిపోతుంది. వంజరం ముక్కలు గట్టివి కాబట్టి కాస్త ఓర్చుకుంటాయి. అయినా రెండు వైపులా మూసుకునే తీగల గ్రిల్‌లో పెట్టి తిప్పితే మీకే సుఖం.

గ్రిల్‌తో పాటు ఇనప తీగల బ్రష్ ఒకటి ఇచ్చి ఉంటారు. అది ఊచలు గీకడానికి, రాయడానికి కాదు. దాని తీగలు విరిగి ఊచలకి అంటుకుని తిండిలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో అలా తీగ ముక్కలు మింగి ఆసుపత్రికి వచ్చిన ఆరుగురి గురించి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2012లో రాసింది. కొందరికి గొంతులో, కొందరికి పేగులో గుచ్చుకున్నాయి. నేనైతే ఊచలు వేడిగా ఉన్నప్పుడే మడిచిన తడి గోనె ముక్కని పొడవు పటకారుతో పట్టుకుని తుడుస్తాను. ఆవిరి చేతికి తగలకుండా చూసుకోవాలి. ఉల్లిపాయని అడ్డంగా కోసి చువ్వకి గుచ్చి రుద్దినా బాగా వస్తుంది.

కడగడం దగ్గర చాలామంది తొందరపడతారు. ముందే నీళ్లలో పెట్టకండి, పాత కాగితంతో జిడ్డంతా లాగేయండి. తర్వాత వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు వేసి, పోగుల మొదళ్లలో వేలు పెట్టి విడదీస్తూ రుద్దాలి. మసాలా దాక్కునేది అక్కడే. పచ్చి మాంసానికి వాడినదాన్ని ఆ తర్వాత మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచండి. ఒకే ముక్క సిలికాన్ అయితే ఏమీ కాదు. పోగులు కిందికి ఉండేలా వేలాడదీసి ఆరబెట్టండి. పసుపు మరక పోదు, దానికి బెంగ పడకండి. వెల్లుల్లి వాసన కూడా కొంత నిలుస్తుంది కాబట్టి అదే బ్రష్‌తో పిల్లల కేకుకి వెన్న రాయకండి.

ఇక స్టాల్ సంగతి. 2011 ఫుడ్ సేఫ్టీ నిబంధనల నాలుగో షెడ్యూల్ ప్రకారం తిండికి తగిలే సామాను శుభ్రం చేయడానికి వీలుగా, విషపూరితం కానిదిగా ఉండాలి. పెయింట్ బ్రష్ దానికి ఏ విధంగానూ నిలవదు. అందుకే మీ ఇంటికి చెప్పిన బ్రష్‌లే స్టాల్‌కీ చెబుతాను. కాకపోతే రద్దీ సమయంలో కడిగే తీరిక ఉండదు, కాబట్టి ఒక్కో రంగులో మూడేసి ఉంచుకుని మధ్యలో మారుస్తూ ఉండాలి. కట్టేసే ముందు ప్రతి బ్రష్‌నీ వెలుతురులో పెట్టి కొసలు చూడండి. ఒక్క పోగు తెగినా, చీలినా, కొస జిగటగా మారినా ఆ బ్రష్ ఇక వద్దు. తెగిన ముక్క ఎవరి ప్లేటులో పడిందో మీకు తెలియదు.